పొగమంచులో గండి

ఆ రోజుల్లో నాకొక జబ్బు ఉండేది. చూడని ఊరిని చూసినట్టు, తినని పదార్థాన్ని తిన్నట్టు, ఎక్కని రైలుని ఎక్కి దిగినట్టు మాట్లాడేవాణ్ణి. ఎదుటివాళ్ళు నమ్ముతున్నారనిపిస్తే ఇంకాస్త కలిపేవాణ్ణి. దీనివల్ల ఎవరికీ నష్టం లేదని నా ధీమా. (నష్టం ఉందని తెలిసేటప్పటికి నేను మన రాష్ట్రం కాని రాష్ట్రంలో, నడుంలోతు చన్నీళ్ళలో, ఒంటికాలి చెప్పుతో, మా మావయ్య చెయ్యి పట్టుకుని నిలబడి ఉన్నాను.) వయసు పెరిగేకొద్దీ మనిషికి తన కుర్రతనం మీద కోపం పోయి జాలి కలుగుతుందని విన్నాను. నాకింకా జాలి దాకా రాలేదు. ఆ ఉదయం గుర్తొస్తే ఇప్పటికీ ముందు గుండె ఝల్లుమంటుంది. నవ్వు తరవాత మెల్లిగా వస్తుంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. మా నాన్నగారు ఏలూరులో మిషను స్కూలు టీచరు. నేను డిగ్రీ ఎలాగో అయిందనిపించి కలిదిండిలో ఒక చేపల మేత కొట్టులో పనికి కుదిరాను. కొట్టులో పని అని ఎవరితోనూ అనేవాణ్ణి కాదు, ‘ఫీల్డు ఆఫీసర్ని’ అనేవాణ్ణి. ఫీల్డు అంటే చెరువు గట్లు. పొద్దున లేచి పాత మోటారు సైకిలు మీద ఆ గట్లంట తిరిగి, ఎవరి చేప ఎంత ఎదిగింది, ఎవరి దగ్గర మేత అయిపోవచ్చింది కనుక్కుని రావడం నా ఉద్యోగం. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా కొట్టులో కూర్చోవడం. అక్కడ ఓనరుగారి కుర్చీ వెనక గోడకి ఒక క్యాలెండరు ఉండేది. ఏ ఏడాదిదో తెలీదు. తేదీల కాగితాలు ఎప్పుడో చిరిగిపోయి, పైన బొమ్మ ఒక్కటే మిగిలింది. జలపాతం బొమ్మ. ఎడమవైపు ఎర్రపూల చెట్టు, కింద నీలం నీళ్ళు, కుడిపక్కన చిన్న చెక్క వంతెన. పని లేనప్పుడల్లా దాన్నే చూసేవాణ్ణి. చూడగా చూడగా ఆ వంతెన మీద నేనొకసారి నడిచానేమో అని కూడా అనిపించేది.

ఒకరోజు ఓనరుగారు ఫోను పెట్టేసి, “మేత కంపెనీవాళ్ళు మన రైతుల్ని టూరు తీసుకెళ్తారంటయ్యా. కేరళలో మున్నారంట. టీ తోటలంట, వాటర్‌ఫాల్సంట. మనలో ఎవరైనా చూశారా అటువైపు?” అన్నారు. కొట్టులో నేనూ, తవుడు బస్తాలు మోసే ఇద్దరూ ఉన్నాం. “నేను చూశానండీ,” అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ చెప్పలేను. నా నోటికి నాకంటే ముందు లేచి నిలబడే అలవాటు. “ఎప్పుడెళ్ళావు?” “కాలేజీలో ఉండగానండీ. ఎడం పక్కన ఎర్రపూల చెట్టుంటుంది, భలే ఉంటుందండీ.” ఓనరుగారు క్యాలెండరుకి వీపు పెట్టి కూర్చున్నారు గనక బతికిపోయాను. “అయితే నువ్వే దగ్గరుండి తీసుకెళ్ళు,” అన్నారు. అలా నేను చూడని చోటికి నేనే దారి చూపేవాణ్ణయ్యాను.

ఇక్కడ మా మావయ్య గురించి చెప్పాలి. మా అమ్మకి వరసకి అన్నయ్య. కొల్లేటికోట దగ్గర ఆయనకొక చేపల చెరువు ఉండేది. చాలా ఏళ్ళ క్రితం, ఆయన ఏలూరులో ఎవరిదో పెళ్ళికని వెళ్ళి ఒక్క రాత్రి అక్కడ పడుకుంటే, ఇక్కడ గట్టుకి గండి పడి, పట్టుబడికి వచ్చిన చేపంతా డ్రెయిన్లోకి పోయింది. అప్పటినుంచీ ఆయన గట్టు మీద కాపలా పాకలోనే పడుకునేవాడు, ఇంకెక్కడా పడుకునేవాడు కాదు. పండక్కి కూడా చర్చిలో ఆరాధన కాగానే సైకిలెక్కేవాడు. నీళ్ళు జారే చప్పుడంటే ఆయనకి ప్రాణం పోయేది. అందుకని వాళ్ళింట్లో బిందెలోకి నీళ్ళు వంచినా అంచుకి ఆనించి, చప్పుడు కాకుండా వంచేవారు. నేను తెలియక ఒకసారి వాళ్ళ పెరట్లో బకెట్టు గుమ్మరిస్తే, పాకలోంచి ఆయన పార పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. నన్నూ, బకెట్టునీ చూసి ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. తరవాత అత్తయ్యతో అన్నాట్ట, “ఆ కుర్రాడికి మాటలెక్కువ, గట్టు మీద మనిషి కాదు,” అని.

ఆ మాట నాకెందుకు గుచ్చుకుందంటే, మావయ్యకి ఒక కూతురుంది. ఏలూరులో నర్సు ట్రైనింగు చదివేది. ఆ పిల్లని చేసుకోవాలని నాకు గట్టిగా ఉంది. ఆ అమ్మాయికి ఉందో లేదో నాకు తెలీదు, అడిగే ధైర్యం లేదు. (తాజ్‌మహలు చూశానని చెప్పే ధైర్యం మాత్రం ఉండేది.) టూరు సంగతి తెలిసి ఆ అమ్మాయి ఒక్కటే అంది: “బావా, మా నాన్నని తీసుకెళ్ళు. ఆయన కంటినిండా నిద్రపోయి, ఒకసారి నవ్వితే చూడాలనుంది నాకు. నాకు సెలవులే, అమ్మా నేనూ పాకలో పడుకుంటాం, గట్టు మేం చూసుకుంటాం.” ఇంకేముంది, నాకు పెళ్ళి కుదిరినంత పనయింది. మావయ్యని నవ్వించి, నిద్రపుచ్చి, క్షేమంగా తీసుకొస్తే పిల్లనిస్తాడు, ఏదన్నా తేడా వస్తే ఇవ్వడు. నా లెక్క అంతే.

ఆయన్ని ఒప్పించడానికి గట్టు మీదికి వెళ్ళాను. ఆయన పాక ముందు కూర్చుని వల కుడుతున్నాడు.

“ఏముంటుందిరా అక్కడ?” అన్నాడు.

“జలపాతం మావయ్యా. కొండమీంచి నీళ్ళు పడతాయి.”

“పడి ఎక్కడికి పోతాయి?”

“కిందకండీ.”

“కింద ఎవరి చెరువుంది?”

“ఎవరిదీ లేదండీ. ఊరికే పోతాయి.”

ఆయన సూది ఆపి నావైపు చూశాడు. “అన్ని నీళ్ళు రేయింబవళ్ళు పోతుంటే ఎవరూ ఆపరా?”

“ఆపకూడదు మావయ్యా. దాన్నే జనం డబ్బులిచ్చి చూస్తారు.”

“నువ్వు చూశావా?”

“చూశాను మావయ్యా. ఎడం పక్కన ఎర్రపూల చెట్టుంటుంది.”

అటువంటి అన్యాయం ఒకటి లోకంలో ఉందంటే కళ్ళారా చూడాలనిపించిందో, కూతురు చెప్పిందనో, చివరికి సరేనన్నాడు. వెళ్ళేముందు గట్టంతా ఒక చుట్టు తిరిగి, తూములు చూసి, కూతురికి ఏ గోనె సంచి ఎక్కడుందో చూపించి, నాకంటే ఆ అమ్మాయినే ఎక్కువ నమ్మి బయలుదేరాడు.

బస్సు తాడేపల్లిగూడెంది. డ్రైవరూ, వంటాయనా కూడా గూడెం వాళ్ళే. మావాళ్ళు ఎక్కడికెళ్ళినా బియ్యం, పప్పు, ఆవకాయ జాడీ, గ్యాసు పొయ్యి, వంటాయన వెంట ఉండాల్సిందే. బయట అన్నం మీద ఎవరికీ నమ్మకం లేదు. కంపెనీవాళ్ళు టూరు సెప్టెంబరులో పెట్టారు, వానల్లో అక్కడ లాడ్జీలు చవగ్గా దొరుకుతాయని. చెరువుల వాళ్ళని వానాకాలంలో గట్లు దింపి విహారానికి తీసుకెళ్ళాలన్న ఆలోచన ఎవరికి వచ్చిందో గానీ, ఆ మనిషి పుట్టి బుద్ధెరిగి గట్టెక్కి ఉండడు. బస్సు కదలబోతుంటే మావయ్య లేచి ప్రార్థన చేశాడు. డ్రైవరు కోసం, బ్రేకుల కోసం, ప్రతి చక్రం కోసం, ఇంట్లో గట్టు మీదున్న ఆడవాళ్ళ కోసం. క్లచ్చు దగ్గరికి వచ్చేసరికి డ్రైవరు స్వయంగా “ఆమెన్” అనేశాడు.

రెండు రోజుల ప్రయాణం. పగలల్లా రైతులందరూ కిటికీల్లోంచి బయట కనపడ్డ ప్రతి నీటిగుంటనీ చూసి, ఇందులో బొచ్చె చేప బాగా ఎదుగుతుందనీ, ఇది శీలావతికి పనికిరాదనీ తీర్పులు చెబుతూ వచ్చారు. రాత్రంతా మావయ్య ఒక్కడే మెలకువగా కూర్చుని చీకట్లోకి చూస్తూ ఉన్నాడు. రెండో రోజు తెల్లవారుతుండగానే ఘాటు రోడ్డు మొదలయ్యింది. నాలుగు మలుపులు తిరిగేటప్పటికి బస్సులో సగం మంది కిటికీల్లోంచి తలలు బయటపెట్టారు. పుట్టిన దగ్గర్నుంచీ బల్లపరుపు నేల తప్ప ఎరగని మనుషులు. మాకు ఎత్తయిన ప్రదేశమంటే చెరువు గట్టే. ఉండి అనే ఊరి నుంచి వచ్చిన ఒక పెద్దాయన, ఆయన్ని మేమందరం ఉండి బాబాయి అనేవాళ్ళం, కిందనున్న లోయని చూసి కళ్ళు మూసుకుని, “అబ్బాయ్, ఇంత లోతు ఎవరు తవ్వించారు?” అని అడిగాడు.

కంపెనీవాళ్ళు ఇచ్చిన మందుల పెట్టెలో వాంతుల బిళ్ళలున్నాయి. అట్ట మీద ఏదో రాసి ఉంది. చదవాలని నాకు తోచలేదు. “రెండేసి వేసుకోండి,” అన్నాను. “రెండు ఎక్కువేమోరా?” అన్నాడు మావయ్య. “ఏం కాదండీ, నేను ఈ ఘాటెక్కినప్పుడల్లా రెండు వేసుకుంటాను,” అన్నాను. అందరూ రెండేసి వేసుకున్నారు. నేనూ వేసుకున్నాను. (డ్రైవరు అడిగాడు గానీ, అదృష్టవశాత్తూ ఆయన వంతు వచ్చేటప్పటికి బిళ్ళలు అయిపోయాయి.) కాసేపటికి బస్సంతా గురకలు. మావయ్య కిటికీకి తల ఆనించి, నోరు తెరుచుకుని, పసిపిల్లాడిలా నిద్రపోయాడు. ఆయన నిద్రపోవడం నేనదే మొదటిసారి చూడటం. తిరిగి వెళ్ళాక ఆ అమ్మాయికి ఎలా చెప్పాలా అని మాటలు పేర్చుకుంటూ నేనూ నిద్రలోకి జారిపోయాను.

తరవాత తెలిసిన సంగతి ఏమిటంటే, తొమ్మిది దాటాక బస్సు జలపాతం దగ్గరికి చేరింది. అక్కడ జలపాతం రోడ్డు వారనే ఉంటుంది, బస్సు దిగి పది అడుగులేస్తే నీళ్ళు. కానీ పొగమంచు. బస్సు అద్దాల అవతల ఏమీ లేదు, తెల్లగా సున్నం కొట్టినట్టు ఉంది. మంచు విడిచాక లేపుదామని డ్రైవరు బస్సు ఆపి టీ కొట్టు వెతుక్కుంటూ వెళ్ళాడు. ఇంజను ఆగింది. ఇంజను ఆగేటప్పటికి, అంతవరకూ దాని కింద మునిగి ఉన్న ఇంకో చప్పుడు పైకి వచ్చింది.

నాకు మెలకువ వచ్చింది ఆ చప్పుడుకే. హోరు. నీళ్ళ హోరు. పక్కనే, చాలా దగ్గర్లో, ఆగకుండా. కళ్ళు తెరిస్తే తెలుపు తప్ప ఏమీ లేదు. డిసెంబరు తెల్లవారుజామున కొల్లేటి మీద మంచు సరిగ్గా అలాగే ఉంటుంది. నా పక్కన మావయ్య ఉన్నాడు. రెండు బిళ్ళల మత్తులో నాకు కేరళ గుర్తులేదు, కంపెనీ గుర్తులేదు, టూరు గుర్తులేదు. ఆ హోరుకి మా దేశంలో ఒక్కటే అర్థం. నేను మావయ్య భుజం పట్టుకుని ఊపి, గొంతు చించుకుని అరిచాను: “మావయ్యా, గండి పడింది!”

గండి పడ్డప్పుడు మావైపు ఒక పద్ధతి ఉంది. ఎవరూ ఏమీ అడగరు. ఎవరి చెరువు, ఏ గట్టు, ఎలా పడింది, ఇవన్నీ తరవాత. కేక వినపడగానే చేతికందింది పట్టుకుని చప్పుడు వైపు పరిగెత్తడమే. గట్టిమనిషి ఒకడు ముందు నీళ్ళలోకి దిగి గండికి అడ్డంగా నిలబడతాడు. మిగతావాళ్ళు ఆయన వీపుకి ఆనించి సంచులు పేరుస్తారు. అంతే. నిద్రలో ఉన్నా, మత్తులో ఉన్నా ఆ పద్ధతి మావాళ్ళ ఒంట్లో ఉంటుంది. నేను ఆ కేక వేసిన మరుక్షణం బస్సులో ఒక్కడు కూర్చుని లేడు. లుంగీలు ఎగగట్టి, ఒకరినొకరు తోసుకుంటూ, మాట్లాడకుండా దిగిపోయారు. ఉండి బాబాయి సీటు కింద ఉన్న జాకీ రాడ్డు పట్టుకున్నాడు. వంటాయన పెద్ద గరిటె పట్టుకున్నాడు. ఒకాయన దిండు పట్టుకుని దిగాడు, దాంతో ఏం చేద్దామనో ఆయనకీ తెలీదు.

అందరికంటే ముందు మావయ్య. పొగమంచులో ఆయన తెల్లచొక్కా ఒక్కటే కనపడుతోంది. రాళ్ళమీంచి దిగి, ప్రవాహం కాలికి తగలగానే ఒక్క క్షణం ఆగి, “దేవా,” అని, నడుంలోతు నీళ్ళలోకి వెళ్ళి చేతులు చాపి అడ్డంగా నిలబడ్డాడు. నేను ఆయన వెనకే ఉన్నాను. ఆ తరవాతి క్షణంలో నేనూ నీళ్ళలో ఉన్నాను. ఆ చలి సంగతి రాయలేను. మా కొల్లేటి నీళ్ళు డిసెంబరులో కూడా మనిషిని మనిషిగా చూస్తాయి. ఇవి అలా కాదు. ఊపిరి లోపలికి పోయి బయటికి రాలేదు. మావయ్య చెయ్యి దొరికితే రెండు చేతులా పట్టేసుకున్నాను. “నిలబడు,” అన్నాడు ఆయన, నావైపు చూడకుండానే. “సంచులు!” అని వెనక్కి కేకేశాడు.

సంచులు వచ్చాయి. ఎలా వచ్చాయంటే, రోడ్డు వారన వరసగా పేర్చి ఉన్నాయి. మావాళ్ళ దృష్టిలో రోడ్డు వారన పేర్చి ఉన్న సంచుల్లో మట్టి తప్ప ఇంకేమీ ఉండదు. మంచులో చేతులు మారుతూ ఒక్కొక్కటే వచ్చాయి. “తేలిగ్గా ఉన్నాయేంటండీ?” అని ఎవరో అన్నారు గానీ, గండి దగ్గర అలాంటి ప్రశ్నలకి జవాబు చెప్పేవాడెవడు? మొదటి సంచి మావయ్య వీపు పక్కన వేశారు. అది మునగలేదు. చక్కగా తేలి, ఒకసారి గుండ్రంగా తిరిగి, మంచులోకి వెళ్ళిపోయింది. రెండోదీ అంతే. మూడోదాని మూతి విప్పుకుని పచ్చటి లేతాకులు నీళ్ళ మీద పరుచుకున్నాయి. మావయ్య ఆ ఆకుల్ని చూశాడు. ఆయన ముఖంలో అలాంటి దిగ్భ్రమ నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు. “ఇదేం మట్టిరా?” అన్నాడు.

అప్పుడే ఎక్కణ్ణుంచో ఆడవాళ్ళ అరుపులు వినపడ్డాయి, అరవంలో. తెల్లవారింది మొదలు కోసిన టీ ఆకుని సంచుల్లో నింపి, ట్రాక్టరు కోసం రోడ్డు మీద పెట్టి పక్కకెళ్ళిన అరవ కూలీలు వాళ్ళు. తిరిగి వచ్చేసరికి, మంచులోంచి లుంగీలు కట్టుకున్న తెలియని మనుషులు పుట్టుకొచ్చి, ఒక్క మాట మాట్లాడకుండా, వాళ్ళ పొద్దుటి కష్టాన్ని చేతులు మార్చి ఏట్లో పారేస్తున్నారు. వాళ్ళ దిగ్భ్రమ మా దిగ్భ్రమకి ఏమాత్రం తీసిపోదు. ఒకామె వంటాయన చేతిలో గరిటె చూసి ఇంకా గట్టిగా అరిచింది.

సరిగ్గా అదే సమయానికి గాలి తిరిగి మంచు చీలింది. ముందు మా చుట్టూ రాళ్ళు కనపడ్డాయి. తరవాత ఎదురుగా నల్లటి బండ. నేనూ, మావయ్యా గండి మూతి ఎక్కడుందా అని ఎదురుగానే వెతుకుతున్నాం. గండి కోసం ఎవరూ పైకి చూడరు కదా. ఉండి బాబాయే గట్టుమీంచి, అంటే రోడ్డుమీంచి, “ఏవండీ,” అన్నాడు, గొంతు పోయినవాడిలా. “ఏవండీ, పైకి చూడండి.”

పైకి చూశాం. చూస్తూ మెడ ఎంతవరకూ వంగుతుందో అంతవరకూ వంచాం. ఇంకా పైన ఉంది. ఆకాశంలోంచే గండి పడ్డట్టు తెల్లటి నీళ్ళు, తాటిచెట్టు మీద తాటిచెట్టు పెట్టి, దాని మీద ఇంకోటి పెట్టినా అందనంత ఎత్తునుంచి, నిదానంగా, ఎవరికీ ఏమీ చెప్పకుండా పడుతున్నాయి. దాన్ని మేము టీ ఆకుతో పూడుద్దామనుకున్నాం. నాకు అప్పుడు గుర్తొచ్చింది, కేరళ, కంపెనీ, టూరు, అన్నీ. ఎడమవైపు చూశాను. ఎర్రపూల చెట్టు లేదు. వంతెన లేదు. చొక్కా జేబులో ఇంకో వాంతుల బిళ్ళుంటే బాగుండుననిపించింది.

మమ్మల్ని చేతులిచ్చి పైకి లాగారు. నా కుడికాలి చెప్పు అక్కడే నీళ్ళపాలైంది. టీ తోట మేస్త్రీ వచ్చాడు. మా భాష ఆయనకి రాదు, ఆయన భాష మాకు రాదు. డ్రైవరు టీగ్లాసుతో పరిగెత్తుకొచ్చి, చేతులతో గండి ఎలా పడుతుందో, మేమెలా పూడుస్తామో అభినయించి చూపించాడు. మేస్త్రీకి ఏం అర్థమయ్యిందో గానీ ఆయన ముఖంలో కోపం పోయి భయం వచ్చింది. ఈలోగా మావయ్య దిగువకి చూశాడు. ఆకు కింద మడుగులో చేరి తిరుగుతోంది. “పట్టుబడి చేద్దాం రండి,” అన్నాడు. అంతే, మావాళ్ళకి ప్రాణం లేచొచ్చింది. లుంగీలు విప్పి (లోపల నిక్కర్లున్నాయి లెండి), అంచులు ముడేసి, మడుగుకి ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకి చేపల వల లాగినట్టు లాగారు. లాగేటప్పుడు పాడే “హైలెస్సా” కూడా మానలేదు. ఆకు దాదాపు అంతా వచ్చింది. దాంతోపాటు నాలుగు చేపపిల్లలొస్తే, “ఇవి మనవి కాదండీ,” అని ఉండి బాబాయి తీసి మళ్ళీ నీళ్ళలో వేశాడు. ఇంతకుముందు అరిచిన ఆడవాళ్ళే కొంగులు నోటికడ్డం పెట్టుకుని నవ్వారు. ఆ నవ్వుల మధ్య ఉండి బాబాయి పిక్క మీద జలగ కనపడింది. ఆయన నీళ్ళలోకి దిగనేలేదు, రోడ్డు వారన గడ్డిలోనే నిలబడ్డాడు. జలగలు మాకు కొత్త కాదు, కానీ పొడినేల మీద జలగేమిటి? “ఈ దేశంలో ఏదీ ఉండాల్సిన చోట ఉండదండీ,” అన్నాడు ఆయన, చాలా నొచ్చుకుని.

మావయ్య మాత్రం నవ్వలేదు. రాయి మీద కూర్చుని, తల కూడా తుడుచుకోకుండా జలపాతాన్ని చూస్తున్నాడు. నేను తువ్వాలు పట్టుకుని పక్కన నిలబడ్డాను.

“ఒరే అబ్బాయ్,” అన్నాడు.

“చెప్పండి మావయ్యా.”

“ఎర్రపూల చెట్టేదిరా?”

చుట్టుపక్కల చలికి వణుకుతున్నవాళ్ళంతా వణకడం ఆపి ఇటు తిరిగారు.

“ఇదివరకు చూసినోడివి,” అన్నాడు మావయ్య, “చప్పుడు వినగానే గండని ఎందుకరిచావు?”

ఆ క్షణంలో, కొండ మీంచి పడుతున్నది నేనేమో అనిపించింది. “చూళ్ళేదు మావయ్యా,” అన్నాను. “క్యాలెండర్లో చూశాను. మన కొట్లో.”

“మరి కాలేజీలో ఉండగా చూశానన్నావంట?”

“కాలేజీవాళ్ళు మమ్మల్ని కాకినాడ కూడా తీసుకెళ్ళలేదండీ.”

“మరి ఆ బిళ్ళలు రెండేసి?”

“ఒకటే అనుకుంటాను మావయ్యా.”

“అదీ సంగతి,” అన్నాడు ఉండి బాబాయి. “బస్సులో మా చచ్చిపోయిన అమ్మమ్మ నా పక్కన కూర్చుని వక్కపొడి అడిగిందండీ.”

మావయ్య నన్ను తల నుంచి పాదాల దాకా, చెప్పున్న పాదాన్నీ లేని పాదాన్నీ విడివిడిగా చూశాడు. అయిపోయిందనుకున్నాను. పిల్లా లేదు, ఉద్యోగమూ లేదు. ఆయన తువ్వాలు అందుకుని, “అబద్ధాలాడతావు. అది సరే,” అన్నాడు. “గండనగానే ఆగకుండా నా వెనక దూకావు. గట్టు మీద పుట్టినోళ్ళే కొందరు దూకరు.” ఆ మాట అని లేచి వెళ్ళిపోయాడు.

ఇక్కడే నా అసలు పాపం ఉంది. నేను దూకలేదు. రాయి మీద నాచుంది. చెప్పు జారింది. జారి పడ్డాను. పడుతూ దొరికిన చెయ్యి పట్టుకున్నాను. ఒక అబద్ధం ఒప్పుకున్న నోటితోనే ఆ నిజం కూడా చెప్పొచ్చు. నోరు తెరిచాను కూడా. పళ్ళు టకటక కొట్టుకున్నాయి తప్ప మాట రాలేదు. చలి వల్ల అని చాలాకాలం సర్ది చెప్పుకున్నాను.

ఆ మధ్యాహ్నం ఊళ్ళో ఎస్టీడీ బూతు నుంచి మావయ్య, వాళ్ళ పక్కింటికి ఫోను చేసి కూతుర్ని పిలిపించాడు. “గట్టెలా ఉందమ్మా?” అన్నాడు. బాగుందని చెప్పినట్టుంది. “ఆ, చూశామమ్మా జలపాతం. పూడుద్దామని చూశాం, అవ్వలేదు,” అన్నాడు. అన్నాక ఒక్కసారి ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని నేను గాభరాపడ్డాను. ఫోను నా చేతిలో పెట్టి, గోడకి చెయ్యి ఆనించి, కళ్ళనీళ్ళు కారేలా నవ్వడం మొదలుపెట్టాడు. ఫోన్లో ఆ అమ్మాయి, “బావా, ఆ నవ్వేది ఎవరు?” అని అడిగింది. మరుసటి ఏడు ఎండాకాలంలో మా పెళ్ళయింది. నాచు మీద జారి పెళ్ళికొడుకునయ్యానని నాకు తప్ప ఎవరికీ తెలీదనుకునేవాణ్ణి.

పెళ్ళయిన రెండేళ్ళకో ఏమో, ప్రభుత్వంవాళ్ళు కొల్లేట్లో చెరువుల గట్లన్నీ తీయించేశారు. సరస్సు సరస్సులా ఉండాలన్నారు. అది తప్పని నేననలేను, ఒప్పని ఆ రోజు మావయ్య పక్కన కూర్చుని అనలేకపోయాను. యంత్రం వచ్చి ఆయన గట్టుని కొరుకుతుంటే, నీళ్ళు హోరుమని బయటికి పోతుంటే, ఆయన దూరంగా కూర్చుని వింటున్నాడు. జీవితమంతా ఏ చప్పుడుకి ఉలిక్కిపడి లేచాడో ఆ చప్పుడే. ఈసారి లేవలేదు. ఏదో ఒకటి మాట్లాడాలని, “మావయ్యా, ఆ రోజు జలపాతం దగ్గర నేను దూకలేదండీ. జారి పడ్డాను,” అన్నాను.

“తెలుసు,” అన్నాడు ఆయన. “ముందు నీ చెప్పు వచ్చింది నీళ్ళలోకి. తరవాత నువ్వొచ్చావు.”

“మరి దూకానని అందరి ముందూ అన్నారేంటండీ?”

“అప్పటికే ఒక అబద్ధం బయటపడి నిలువునా చచ్చావు. అల్లుడివి గదా, మరీ ఉతికేస్తే ఏం బాగుంటుందని.”

“అప్పటికింకా అల్లుణ్ణి కాదుగా మావయ్యా.”

“టూరుకి ముందే పిల్ల అడిగింది. మీ అత్తయ్యా నేనూ సరేననుకున్నాం. నీకు ముందే చెబితే బస్సులో నా సంచి ఎవరు మోస్తారు?” అని, తెగిన గట్టువైపు ఒకసారి చూసి, “వక్కపొడి అడిగిందంట,” అని, నవ్వడం మొదలుపెట్టాడు. నీళ్ళు పోతూనే ఉన్నాయి. మేమిద్దరం ఆ బురద మీద కూర్చుని, యంత్రం నడిపేవాడు ఆపి చూసేంతగా నవ్వాం.

ఆ తరవాత నా జబ్బు చాలావరకు తగ్గింది. ఇప్పుడు ఎవరైనా మున్నారు జలపాతం చూశారా అని అడిగితే, నిజంగా చూసినవాణ్ణయినా, తొందరపడకుండా ఒక్క క్షణం ఆగుతాను. ఆ ఆగిన క్షణంలోనే వంటింట్లోంచి మా ఆవిడ గొంతు వినపడుతుంది, పని చేసుకుంటూనే, మెత్తగా: “చూడ్డమేంటండీ, అందులోనే పడ్డారు.”